ఎడమకు పావు చుట్టు

మా తోటికోడలు ఈరమ్మ ఐదో తరగతి దాకా చదివింది. నేను మూడు. ఆ రెండు తరగతుల ఎత్తు మీద నిలబడి నలభై ఏళ్లుగా నాతో మాట్లాడుతోంది. అయినా ఈరోజు ఆమె కథ రాస్తున్నది నేను కాబట్టి ఇద్దరమూ సమానమయ్యాం.

యలహంక పాతూళ్లో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆమె మిక్సీ వేస్తే నా గూట్లో గ్లాసులు మోగుతాయి. ఈరమ్మకు ఏ యంత్రమైనా శబ్దం వింటే చాలు, దాని జబ్బు తెలిసిపోతుంది. ఫ్యాన్ కింద కూర్చుని బేరింగ్ పోయిందంటుంది. ఒకసారి ఎదురింటి కుక్కర్ విజిల్ విని, రబ్బరు మార్చుకోండమ్మా అని పోయి చెప్పింది. పిలవని పేరంటానికి వచ్చినావా అని వాళ్లు ముఖం మీదే తలుపేశారు. వారం తిరక్కుండా ఆ కుక్కర్ పప్పంతా తీసుకుపోయి పైకప్పుకు కొట్టింది. ఇప్పుడు వాళ్లు కొత్త గిన్నె కొన్నా తెచ్చి ఈరమ్మ ముందు తట్టి చూపిస్తారు.

ఆ చెవి పుట్టుకతో వచ్చింది కాదు, కారఖానాలో తయారైంది. పంతొమ్మిదో ఏట మడకశిర పక్క పల్లె నుంచి నా మరిదికి భార్యగా వచ్చింది. వచ్చిన ఆరు నెలలకే టేప్ రికార్డర్లు బిగించే కారఖానాలో పనికి కుదిరింది. చీర మీద తెల్లకోటు తొడుక్కుని బస్సుకు పోతుంటే, "ఆసుపత్రికా? డాక్టరుగానా, రోగిగానా?" అని అడిగాను. ఆమె వెనక్కి తిరిగి, "పిచ్చోళ్ల వార్డుకు మనుషులు తక్కువగా ఉండారంట, నీ పేరు చెప్పొస్తా" అంది. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లతో కాలక్షేపానికి లోటుండదని.

చేరిన వారానికే టేపు ఎట్లా పాడుతుందో నాకు చెప్పింది. నేను అడగలేదు. నేను బియ్యం ఏరుకుంటున్నాను.

"అక్కా, ఆ క్యాసెట్టులో రిబ్బన్ ఉండాది చూడు, దాని మీద పూసింది ఏమనుకున్నావు? ఇనుప తుప్పు. పొడి చేసి బంకలో కలిపి పూసినారు."

"తుప్పు పాడతాదా?"

"పాడదు, గుర్తు పెట్టుకుంటాది. ఒక్కొక్క రేణువూ చిన్న అయస్కాంతం. నువ్వు మైకు ముందర పాడితే నీ గొంతు కరెంటు అయితాది. ఆ కరెంటు హెడ్డులోకి పోయి ఎదురుగా పోయే తుప్పును అయస్కాంతం చేస్తాది. ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా, ఒకచోట ఇటు ముఖం, ఒకచోట అటు ముఖం. నీ పాట ఎట్ల ఎగిరి దిగిందో అట్లనే."

"మళ్లీ వినేదెట్ల?"

"అదే దోవన వెనక్కి. రిబ్బన్ హెడ్డు ముందర పోతాంటే, హెడ్డు లోపల చుట్టిన తీగలో చీమంత కరెంటు పుడతాది. ఆ చీమను ఏనుగును చేసేదానికి వేరే సామాను ఉండాది. ఆ ఏనుగు పోయి స్పీకర్లో కాగితాన్ని తోస్తాది. కాగితం గాలిని తోస్తాది. గాలి నీ చెవిని తోస్తాది."

"నా చెవిని ఎవురూ తోయాల్సిన పని లేదు. ఇట్ల కూచుని రాళ్లు ఏరు" అన్నాను. కానీ ఆ రోజు నుంచి రేడియో షాపు ముందర పోతుంటే కాగితాన్ని తోసే ఏనుగే గుర్తొచ్చేది.

కారఖానాలో ఆమె పని హెడ్డు నిలబెట్టడం. హెడ్డు అంటే గోరంత ఇనుప ముక్క. దాని ముఖం మీద పైనుంచి కిందికి ఒక సందు ఉంటుంది, వెంట్రుక కంటే ఎంతో సన్నం, కంటికి ఆనదు. ఆ సందు రిబ్బన్‌కు అడ్డంగా నిటారుగా నిలబడాలి. వాలితే పాట మసకబారుతుంది. పక్కనే ఒక చిన్న స్క్రూ, దాని కింద స్ప్రింగు. స్క్రూ తిప్పితే హెడ్డు అటో ఇటో వాలుతుంది. ఈరమ్మ ముందుకు టేప్ రికార్డర్ పెట్టెలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. టెస్టు టేపు వేసేది. అందులో పాట ఉండదు, సన్నటి ఈల ఒక్కటే ఉంటుంది. ఆ ఈల ఎక్కడ అన్నిటికంటే గట్టిగా వినిపిస్తే అక్కడ స్క్రూ ఆపేది. పైనుండే మేడం ఛాయాదేవి వచ్చి విని తల ఊపితే, స్క్రూ తల మీద ఎర్ర లక్క చుక్క పెట్టేది. ఆ చుక్క పడ్డదంటే పాస్. ఇంక దాన్ని దేవుడొచ్చినా కదిలించకూడదు.

ఛాయాదేవి చెప్పిన మాట ఒకటి ఈరమ్మ పదే పదే చెప్పేది. "నీ చెవికి ఇంపుగా ఉండేటట్టు తిప్పద్దు. టెస్టు టేపు ఎట్ల చెప్తే అట్ల తిప్పు. నీ ఇష్టం ఇంట్లో పెట్టి రా."

పద్దెనిమిదేళ్లు చేసింది. తర్వాత క్యాసెట్లు కొనే జనం తగ్గి కారఖానా మూతపడింది. చివరి రోజున ఛాయాదేవి తన ఇత్తడి స్క్రూడ్రైవర్‌ను ఈరమ్మ చేతిలో పెట్టింది. ఈరమ్మ ఆ తర్వాత గార్మెంట్స్‌లో కాజాలు కుట్టింది, బడిలో వంట చేసింది. కానీ ఏటా ఆయుధ పూజకు కత్తిపీట, కొడవలి, మిక్సీ పక్కన ఆ ఇత్తడి స్క్రూడ్రైవర్‌కు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టేది. "అన్నం పెట్టని ఆయుధానికి పూజేంటే" అని నేను ప్రతి ఏడూ అడిగేదాన్ని. ఆమె ప్రతి ఏడూ నాకు రెండు మరమరాల ఉండలు ఇచ్చి నోరు మూయించేది.

ఈ ఏడు శ్రీరామనవమికి రెండు వారాల ముందు ఆమె మేనల్లుడు పెద్దన్న వచ్చాడు. సిటీకి ఆ కొసన హెబ్బగోడిలో ఉంటాడు, సెంట్రింగ్ పని. మూడు బస్సులు మారి వచ్చినవాడు చెప్పులు కూడా విప్పకుండా జేబులోంచి ఒక క్యాసెట్ తీసి మంచం మీద పెట్టాడు.

"అత్తా, నాయిన గొంతు ఉండాది గానీ మాట లేదు" అన్నాడు.

పెద్దన్న నాయన జోగయ్య ఈరమ్మకు సొంత అన్న. వాళ్ల ఊళ్లో చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు, వాటికి చిన్న చిన్న గజ్జెలు, కాళ్లకు పెద్ద గజ్జెలు, పన్నెండు మంది గుండ్రంగా తిరుగుతూ పాడి అడుగేస్తే నేల అదురుతుంది. జోగయ్య సొంతంగా ఒక వారధి పాట కట్టాడు. ఐదు చరణాలు. ఒక్కో చరణానికి అడుగు వేగం పెరుగుతుంది. సముద్రం మీద వారధి కట్టడం మొదలయ్యే చోట నడకలా ఉంటుంది, సేన దాటే చోటికి తుఫానే. ఆయన పాట నేర్పించే రోజుల్లో పెద్దన్న ఇక్కడ స్లాబులు పోస్తున్నాడు. నేర్చుకుంటాలే అనుకున్నాడు. నాలుగేళ్ల కింద జోగయ్య పోయాడు, ఊళ్లో దళం చెదిరిపోయింది. కొడుక్కు మిగిలింది రెండు చరణాలు.

హెబ్బగోడిలో ఇప్పుడు పెద్దన్నకు సొంత దళం ఉంది, అందరూ కూలిపనివాళ్లే. వాళ్లలో జోగయ్య దగ్గర అడుగు నేర్చినవాళ్లు ఇద్దరే ఇద్దరు. వాళ్లకు మోకాళ్లు పోయాయి. ఈ నవమి కాగానే మూట కట్టుకుని ఊరికి పోతామన్నారు. వాళ్లకు అడుగు తెలుసు, పాట తెలియదు. పాట ఈ క్యాసెట్లో ఉంది. ఈ నవమికి పాటనూ అడుగునూ కలపకపోతే, ఇంక ఆ రెండూ ఎక్కడా కలవవు.

"హూడిలో మేము కట్టిన అపార్ట్‌మెంట్లో కౌశల్ సార్ అని ఉండాడు. వాళ్ల తాతది పాత డెక్కు ఉంటే దాంట్లో వేసి కంప్యూటర్లోకి ఎక్కించినాడు. విని, టేప్ ఎక్స్‌పైర్ అయింది అన్నాడత్తా."

"ఎక్స్‌పైర్ అయ్యేదానికి అదేమన్నా పెరుగు ప్యాకెట్టా?" అన్నాను నేను.

పెద్దన్న ఫోన్‌లో పెట్టి వినిపించాడు. జోగయ్య నిజంగానే ఉన్నాడు, కానీ మూడు దుప్పట్లు కప్పుకుని అడుగున పడుకుని పాడుతున్నట్టుంది. అది పాటని తెలుస్తుంది. ఏ మాటో తెలియదు. చెక్కలకున్న గజ్జెల శబ్దమైతే అసలు లేనే లేదు.

ఈరమ్మ కళ్లు మూసుకుని వింది. "టేపు చావలేదు. చచ్చిన టేపు ఇట్ల ఉండదు. దీన్ని పాడించేది నేను" అంది. అని ఊరుకుంటే బాగుండేది. నా వైపు తిరిగి, "నా పెట్టె ఉండింటే ఈ పొద్దే పాడించేదాన్ని" అంది.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. ఈ పాటను ముప్పై రెండేళ్ల కింద ఈరమ్మే తన సొంత టేప్ రికార్డర్ ఊరికి మోసుకుపోయి రికార్డు చేసింది. ఆ పెట్టె తర్వాత చాలా ఏళ్లు మా ఇంటి అటక మీద ఉండేది. ఐదేళ్ల కింద ఆమె కంటి ఆపరేషన్‌కు పోయినప్పుడు, పాత సామాన్ల వాడికి వేసి నేను ఒక ప్లాస్టిక్ బకెట్ తీసుకున్నాను. ఆ బకెట్ ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

మరుసటి రోజు ముగ్గురం ఇస్సాకు దుకాణానికి పోయాం. ఇస్సాకు నలభై ఐదేళ్ల మనిషి, కోలారు వైపు వాడు. ఆదివారం చర్చిలో హార్మోనియం, మిగతా ఆరు రోజులు మిక్సీలూ ఫోన్లూ టీవీలూ. పై అరలో ఎవరో ఎనిమిదేళ్ల కింద రిపేరుకిచ్చి మళ్లీ ముఖం చూపించని టేప్ రికార్డర్ ఒకటి ఉంది. దించి విప్పితే లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుని ఉంది.

"ఈ బెల్టే కదమ్మా మోటారు తిప్పేదాన్ని రిబ్బన్ దాకా తెచ్చేది. ఇది పోతే గొంతు లేదు" అంటూ ఇస్సాకు దాన్ని గీకి తుడిచి, పాత డబ్బాలు నాలుగు వెతికి సరిపోయే బెల్టు పట్టాడు. దూదికి స్పిరిట్ అద్ది హెడ్డు తుడిచాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత హెడ్డుకు రెండో పక్కన వదులైన ఇంకో మర బిగించడానికి తన స్క్రూడ్రైవర్ తీశాడు. దాని మొనకు అప్పటికే మూడు చిన్న స్క్రూలు వేలాడుతున్నాయి.

ఈరమ్మ అతని మణికట్టు పట్టుకుంది. పట్టుకోవడమంటే మామూలుగా కాదు, దొంగను పట్టుకున్నట్టు.

"యాడికప్పా దాన్ని తీసుకపోతాండావు?"

"స్క్రూ బిగించేదానికమ్మా."

"ఆ మొనకు అయస్కాంతం ఉండాది. దాన్ని హెడ్డుకు తగిలిస్తే హెడ్డుకూ అంటుకుంటాది. ఇంగ ఆ హెడ్డు ముందర పోయే ప్రతి రిబ్బన్నూ కొంచెం కొంచెం చెరిపేస్తాది. మా అన్నను మళ్లీ చంపుతావా?"

ఇస్సాకు తన స్క్రూడ్రైవర్‌ను చూసుకున్నాడు. "ఫోన్ల పనికి మొన అంటుకోవల్లని నేనే అయస్కాంతానికి రుద్దినా. ఇరవై ఏళ్లుగా ఇదే. ఎవురూ చెప్పలేదమ్మా నాకు."

"చెప్పేవోళ్లు లేక కాదు, నీ దుకాణానికి రాక." ఈరమ్మ చీర కొంగు ముడి విప్పి ఇత్తడి స్క్రూడ్రైవర్ తీసింది. దాని పిడికి ఇంకా పోయిన ఆయుధ పూజ కుంకుమ అంటుకుని ఉంది. "ఇత్తడికి అయస్కాంతం అంటదు. దీనితో చెయ్యి."

నేను పెద్దన్న వెనక్కి జరిగాను. అన్నం పెట్టని ఆయుధం అన్నది నేనే కదా.

పెట్టె తిరిగింది. కానీ వేగం సరిగ్గా ఉందో లేదో ఎట్లా తెలియాలి? రిబ్బన్ నెమ్మదిగా పోతే పాట బరువెక్కుతుంది, తొందరగా పోతే కీచుగా అవుతుంది. మసకలో వినే పాటకు ఏది సరో ఎవరికి తెలుసు? ఇస్సాకు వేగం కొలిచే ఏదో గీతల యంత్రం కావాలన్నాడు. పెద్దన్న చెప్పులు విడిచి దుకాణం ముందరి బండల మీద నిలబడ్డాడు.

"ఈ మొదటి రెండు చరణాలకు నాకు అడుగు తెలుసు. పెట్టండి" అన్నాడు.

పాట పెట్టారు. పెద్దన్న అడుగేశాడు. కాలు లేచింది, దిగాల్సిన చోట దిగింది, కానీ పాటలో దెబ్బ ఇంకా పడలేదు. "మెల్లగుండాది. నా కాలు ఆగాల్సి వస్తాంది." మోటారు వెనక చిన్న రంధ్రం ఉంటుంది, అందులో వేగం మార్చే మర. ఇస్సాకు తిప్పాడు. "ఇప్పుడు తరుముతాంది." మళ్లీ తిప్పాడు. కాయగూరల బండ్లవాళ్లు, బస్సు కోసం నిలబడినవాళ్లు గుమిగూడారు. ఆరోసారికి పెద్దన్న కాలూ పెట్టెలోని చెక్కల దెబ్బా ఒకే క్షణంలో నేల మీద పడ్డాయి. అతడు ఆగకుండా ఒక చుట్టు పూర్తిగా తిరిగి వచ్చి, "ఇది మా నాయిన నడక" అన్నాడు. ఏ యంత్రమూ అక్కర్లేకుండా వేగం కుదిరింది.

కానీ మాటలు రాలేదు. హెడ్డు శుభ్రంగా ఉంది, వేగం సరిగ్గా ఉంది, జోగయ్య మాత్రం దుప్పట్లలోంచి బయటికి రాలేదు. "కౌశల్ సార్ చెప్పిందే నిజమేమో" అని పెద్దన్న మెల్లగా అన్నాడు. అందరూ ఈరమ్మ వైపు చూశారు. ఆమె ఇత్తడి స్క్రూడ్రైవర్ కొంగున కట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం మా వసారాలో ఇద్దరమూ చింతపండు గింజలు తీస్తున్నాం. నేనే అడిగాను.

"ఏమే, గింజలు మింగుతాండావా, మాటలు మింగుతాండావా?"

"అక్కా, హూడిలో పెట్టె వేరే, ఇస్సాకు పెట్టె వేరే. రెండింట్లో ఒకటే తీరు మసక. అంటే తప్పు పెట్టెలది కాదు."

"అయితే టేపుది."

"టేపుది గూడా కాదు. నాది."

నేను చేతిలోని చింతపండు పక్కన పెట్టాను. ఈ మాట ఆమె నోట్లోంచి రావడానికి నలభై ఏళ్లు పట్టింది. ప్రశాంతంగా వినాలి కదా.

ఆమె చెప్పింది. ఆ పెట్టెను ఇంటికి తెచ్చిన కొత్తలో సంతలో ఒక భజనల క్యాసెట్ కొంది. అసలు క్యాసెట్ నుంచి దొంగ నకలు తీసిన రకం. ఎక్కడో వాలిన హెడ్డు మీద ఎక్కించినట్టున్నారు, ఈమె పెట్టెలో మసకగా పాడింది. రోజుకు రెండు వందల హెడ్లు నిలబెట్టే మనిషి, తన ఇంట్లో పాట మసకగా ఉంటే ఊరుకుంటుందా? ఎర్ర చుక్కను గీకేసి, ఆ క్యాసెట్ ఇంపుగా వినిపించేదాకా స్క్రూ తిప్పింది. ఎడమకు, పావు చుట్టుకు కొంచెం తక్కువ. మళ్లీ వెనక్కి తిప్పలేదు. కారఖానాలో ఎవరికీ చెప్పలేదు. ఆ వాలిన హెడ్డుతోనే ఊరికి పోయి అన్న పాటను ఎక్కించింది. ఎక్కించిన పెట్టెలోనే వింటే వాలుకు వాలు సరిపోయి బ్రహ్మాండంగా ఉండేది. హెడ్డు నిటారుగా ఉన్న ఏ పెట్టెలో వేసినా మసకే.

"ఛాయాదేవి మేడం చెప్పింది, నీ ఇష్టం ఇంట్లో పెట్టి రా అని. నేను ఇంట్లోనే కదా పెట్టినా" అంది.

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"బాగుండే హెడ్డును నేను వంకర పెట్టినంతే వంకర పెట్టల్ల. పెద్దన్న ముందర చెప్పి మరీ పెట్టల్ల. దాచిపెట్టి తిప్పితే అది మళ్లీ అదే పని."

చూశారా, పొగరు అంటే అట్లా ఉండాలి. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా తల వంచలేదు.

మరుసటి ఉదయం దుకాణంలో ఇస్సాకు ఒప్పుకోలేదు. "ఎర్ర చుక్క చెదరని హెడ్డమ్మా. కంపెనీలో పెట్టింది పెట్టినట్టుండాది. బాగుండేదాన్ని చెడగొట్టమంటావేంది?"

ఈరమ్మ పెద్దన్న భుజం మీది చారల తువ్వాలు లాగి బల్ల మీద పరిచింది. దాని అంచున వెడల్పు చారలు, నడుమ దారపు పోగంత సన్న చారలు. అక్కడున్న రెండు ఫోన్ అట్టపెట్టెలను దగ్గరికి జరిపి వాటి నడుమ సన్నటి సందు వదిలింది. సందు చారల వెంబడే నిటారుగా ఉన్నప్పుడు ఒక్కో చారా విడివిడిగా కనబడింది.

"ఈ తువ్వాలు రిబ్బన్ అనుకో. సన్న చారలు గజ్జెల మోత, మాటల్లోని చ, స, త. వెడల్పు చారలు బరువు గొంతు. ఇప్పుడు సందును వాలుస్తా, చూడు."

పెట్టెలను కొంచెం వాల్చి తువ్వాలు లాగింది. వెడల్పు చారలు అప్పటికీ తెలుస్తున్నాయి. సన్న చారలు మాత్రం ఒకదానిలో ఒకటి కలిసిపోయి బూడిద రంగయ్యాయి.

"సన్నవి కలిసిపోయినాయి, వెడల్పువి మిగిలినాయి. మా అన్న గొంతు ఉండాది, మాట లేదు, గజ్జె లేదు. ఇదే జరిగింది. కాకపోతే ఈ పెట్టెలో సందు నిటారుగా ఉండాది, టేపు మీది చారలే వాలినాయి. వాల్చింది నేను." పెద్దన్న వైపు తిరిగింది. "నా పెట్టె హెడ్డును నా ఇష్టానికి తిప్పుకుని, అట్లనే మీ నాయిన పాట ఎక్కించినాను. ముప్పై రెండేళ్లుగా ఎవురికీ చెప్పలేదు. నన్ను ఏమంటావో అను."

పెద్దన్న తువ్వాలు వైపు చూశాడు, అత్త వైపు చూశాడు.

"ఎంత తిప్పినావో గుర్తుండాదా?"

"పావు చుట్టుకు కొంచెం తక్కువ. ఎడమకు."

"అయితే తిప్పత్తా" అన్నాడు.

ఇస్సాకు బల్ల మీంచి చేతులు తీసేశాడు. ఈరమ్మ ఇత్తడి మొనతో ఎర్ర చుక్కను గీకింది. పద్దెనిమిదేళ్లు ఆ చుక్కలు పెట్టిన చెయ్యి అది. తర్వాత పాట పెట్టించి, చెవిని స్పీకర్‌కు ఆనించి, కళ్లు మూసుకుని తిప్పడం మొదలుపెట్టింది. వెంట్రుకంత, మళ్లీ వెంట్రుకంత. రోడ్డు మీద బస్సు హారన్ కొడితే ఆగింది. పోయాక మళ్లీ తిప్పింది.

మొదట గజ్జెలు వచ్చాయి. ఎక్కడో దూరంగా వాన చినుకులు రేకు మీద పడినట్టు. పెద్దన్న ముందుకు వంగాడు. ఇంకొంచెం తిప్పింది. చినుకులు దగ్గరికొచ్చాయి. చెక్కల దెబ్బ చురుక్కుమంది. ఇంకొంచెం తిప్పి, కొంచెం వెనక్కి తెచ్చి, ఆపింది.

"మొదటికి తిప్పు" అంది ఇస్సాకుతో.

రిబ్బన్ వెనక్కి పోయి మొదలైంది. ఒక దగ్గు. కాళ్ల గజ్జెలు సర్దుకున్న చప్పుడు. తర్వాత జోగయ్య గొంతు, ఎదురుగా కూర్చుని అడిగినట్టు: "ఏమే ఈరీ, ఎర్ర దీపం వెలుగుతాందా?"

దానికి ఒక పడుచు గొంతు జవాబు చెప్పింది. "వెలుగుతాంది. పాడన్నా నువ్వు."

రికార్డు దీపం గురించిన ఆ రెండు మాటలు ఆ టేపులో ఉన్నాయని ఈరమ్మకే గుర్తులేదు. ఆమె స్క్రూడ్రైవర్ పట్టుకున్న చేతిని ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంది.

జోగయ్య పాట ఎత్తుకున్నాడు. ఒకటి, రెండు. పెద్దన్న పెదాలు కదిలాయి, అవి అతనికి తెలిసినవి. మూడో చరణం వచ్చింది.

అడుగు అడుగుకు నీళ్లు అద్దమాయె చూడు
అద్దాన ఆ గట్టు దగ్గరాయె చూడు

ప్రతి మాటా బియ్యపు గింజలా విడిగా, తెల్లగా. నాలుగోదీ అట్లాగే, ఐదోదీ అట్లాగే. పెద్దన్న తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఇస్సాకు ఒక తీగ వెతికి తెచ్చి, పెట్టెకూ ఫోన్‌కూ తగిలించి మొత్తం పాటను ఎక్కించుకున్నాడు. "అమ్మా, చర్చిలో పాత క్యాసెట్లు ఒక సంచి నిండా ఉండాయి. అన్నీ మసకే. పారేస్తామనుకున్నాం" అన్నాడు.

"తీసుకరా. ఏది ఎంత వాలిందో చూద్దాం" అంది ఈరమ్మ, డాక్టరు చీటీ రాసిచ్చినట్టు.

ఇస్సాకు ఇచ్చేసిన పెట్టెను పెద్దన్న తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకుని బయలుదేరాడు. స్క్రూ తల మీద ఎర్ర చుక్క లేదు కదా, పెట్టేయమని నేను గుర్తు చేశాను. "పాస్ కాకుండా చుక్క పెట్టరక్కా. పాడిందని ఎట్ల పాస్ చేస్తాను? దానికి వాళ్లు ఆడల్ల" అంది.

శ్రీరామనవమి రోజు పొద్దున్నే మేమిద్దరం మూడు బస్సులు మారి హెబ్బగోడి చేరాం. ఒక సందు మొత్తానికి షామియానా వేశారు. ఒక పక్క పానకం డ్రమ్ము, ఒక పక్క వడపప్పులాంటి కోసంబరి తపేలా. అద్దె గదుల ముందర మెట్ల మీద, నీళ్ల ట్యాంకుల మీద, బైకుల మీద జనం. నడుమ పన్నెండు మంది, పనికి పోయేటప్పుడు సిమెంటు రంగులో ఉండే మనుషులు, ఆ రోజు పసుపు పంచెలు కట్టి, తలకు ఎర్ర గుడ్డలు చుట్టి, కాళ్లకు గజ్జెలు కట్టుకుని నిలబడ్డారు. మోకాళ్లు పోయిన ఆ ఇద్దరూ ముందు వరసలో ఉన్నారు.

పెద్దన్న పెట్టెను బల్ల మీద పెట్టి మైకు దగ్గరికి జరిపాడు. "ముందు మా గురువు పాడతాడు" అని మాత్రం అన్నాడు. పెట్టెలోంచి జోగయ్య మొదటి చరణం సందంతా నిండింది. పన్నెండు జతల చెక్కలు ఒకే చెక్కలా పడ్డాయి. మొదటి చరణం ముగియగానే పెద్దన్న వంగి పెట్టెను ఆపాడు. ఈరమ్మ నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేటట్టు.

రెండో చరణం పెద్దన్న ఎత్తుకున్నాడు. తండ్రి గొంతు కాదు, స్లాబు మీద నుంచి కిందికి కేకేసే గొంతు. కానీ మాట మాట తండ్రిదే. మూడో చరణానికి అడుగు వేగమైంది. నాలుగుకు దుమ్ము లేచింది. మోకాళ్లు పోయినవాళ్లు మోకాళ్ల సంగతి మరిచిపోయారు. ఐదో చరణంలో వాళ్లు గాల్లోకి లేచి తిరిగి నేల మీదికి వచ్చే చోట నా కాలి కింద బండ అదిరిందంటే అబద్ధం కాదు. సేన గట్టెక్కింది. చెక్కలన్నీ తలల మీదికి లేచి ఒక్కసారిగా ఆగాయి. తర్వాత సందులో లేచిన కేకలకు పానకం డ్రమ్ము మూత కింద పడింది.

పెద్దన్న చెమటలు కారుతూ వచ్చి ఈరమ్మ ముందు నిలబడ్డాడు.

"ఎట్లుండాదత్తా?"

"నాలుగో చరణంలో ఎడమ పక్కనోడు అర్ధ అడుగు వెనక ఉండాడు" అంది. "మిగతాదంతా మీ నాయిన చూస్తే నోరు మూసుకుంటాడు."

ముప్పై రెండేళ్ల తప్పు తీరిన రోజు కూడా ఆమె చెవి సెలవు తీసుకోలేదు. తర్వాత ఆమె లేచి బల్ల దగ్గరికి పోయి పెట్టె మూత తెరిచింది. నా వైపు చెయ్యి చాపింది. నేను సంచిలోంచి ఎర్రటి గోళ్లరంగు సీసా తీసి ఇచ్చాను. డెబ్బై రెండేళ్లకు నీకు గోళ్లరంగేంటని అడిగేవాళ్లు అడగండి, కనీసం బకెట్ బాకీలో సగమైనా తీరాలి కదా. ఈరమ్మ కుంచెను సీసా అంచుకు రెండుసార్లు రాసి, ఊపిరి బిగబట్టి, వంకరగా నిలబడిన ఆ స్క్రూ తల మీద ఒక్క చుక్క పెట్టింది. నిండుగా, గుండ్రంగా, అంచు దాటకుండా.

"పాస్" అంది.

పెద్దన్న వేలు చాచాడు. ఆమె ఆ వేలి మీద ఒక దెబ్బ వేసింది.

"ఆరేదాకా ముట్టొద్దు. ఇంగ దీన్ని ఎవురూ తిప్పేది లేదు. నేను గూడా."